ఇస్త్రీపెట్టె నాబ్‌ని నమ్మొద్దు: విమానం రెక్కకి గుడ్డ కప్పే పని

డప్పు వాయించే ముందు గడ్డిమంట దగ్గర కాచుకుంటారు. వేడికి తోలు బిగుస్తుంది, మోత పలుకుతుంది. కాసేపయ్యాక మంచుకి మళ్ళీ సాగుతుంది, మళ్ళీ కాచుకోవాలి. చిన్న విమానం రెక్క మీద పాలియెస్టర్ గుడ్డని బిగించేదీ వేడే. కాకపోతే డప్పు ఇచ్చినన్ని అవకాశాలు ఇది ఇవ్వదు. చెప్పినంత వేడి తగిలితే బిగిసి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. హద్దు దాటితే సాగిపోతుంది, ఆ తర్వాత ఎంత కాచినా బిగవదు. ఆ ముక్క చింపేసి కొత్తది వేయడమే.

ఆ హద్దులు గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు. తయారీలో లాగి పెట్టిన పోగు వేడి తగిలితే వెనక్కి ముడుచుకుంటుంది. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డ సుమారు 5 శాతం కుంచించుకుంటుంది. 177 దగ్గరకి వచ్చేసరికి మొత్తం 10 శాతం దాకా అవుతుంది. 190 దాటితే పోగులో బిగువు చచ్చిపోతుంది, 250 దాటాక కరుగుతుంది. అమెరికన్ మాన్యువళ్ళలో ఇవే 250, 350, 375 ఫారన్‌హీట్‌గా కనిపిస్తాయి. ఫారన్‌హీట్ అంకెని సెల్సియస్ అనుకుని ఇస్త్రీపెట్టె తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె నాబ్ చూడండి. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు. బట్టల లేబుళ్ళ లెక్కలో మూడు చుక్కలంటే 200 డిగ్రీల దాకా అని. అంటే కాటన్ గుర్తు మీద పెట్టిన పెట్టె మన గుడ్డని పాడుచేయడానికి సరిపడా కాలి ఉంటుంది. పైగా థర్మోస్టాట్ ఒక్క అంకె మీద నిలబడదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. అందుకని గుడ్డ ముట్టుకునే ముందు పెట్టెని కొలుచుకోవాలి. బెంగుళూరు ఎస్పీ రోడ్డులో దొరికే, కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే వైరు) ఉన్న డిజిటల్ థర్మామీటర్ చాలు. పెట్టె అడుగుభాగం మధ్యలో ట్రాన్సిస్టర్లకి పూసే హీట్‌సింక్ పేస్టు చుక్క పెట్టి, వైరు కొనని అందులో ఆనించండి. నాబ్‌ని తక్కువ నుంచి ఎక్కువకి మెల్లగా తిప్పుతూ, ప్రతి చోటా దీపం రెండు మూడుసార్లు ఆరి వెలిగేదాకా ఆగండి. రాసుకోవాల్సింది సగటు కాదు, ఊపులో వచ్చే పై అంకె. 121, 149, 177 వచ్చిన మూడు చోట్లా నాబ్ పక్కన బ్లేడుతో గీత గీసుకోండి. పేస్టు తుడవడం మరిచిపోతే మొదటి మచ్చ రెక్క మీదే పడుతుంది.

ఆవిరి పెట్టె వద్దు, అడుగున చిల్లులుంటాయి, నీళ్ళు చిమ్ముతుంది. మామూలు డ్రై ఐరన్, అడుగు నున్నగా ఉన్నది కావాలి. మూలలకి, రెక్క చివర వంపులకి మోడల్ విమానాల వాళ్ళు వాడే చిన్న ఐరన్ బాగుంటుంది. దాన్నీ విడిగా కొలుచుకోవాలి. పెట్టె చేయి జారి కింద పడితే మళ్ళీ కొలవాలి. హీట్‌గన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. దాని మూతి దగ్గర గాలి 300 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంగుళం దూరంలో ఒక అంకె, రెండంగుళాల దూరంలో ఇంకో అంకె, గుడ్డకి అసలెంత తగిలిందో ఎవరూ చెప్పలేరు.

గుడ్డ సంగతి. బెంగుళూరు చిక్‌పేటలో పాలియెస్టర్ తానులకి కొదవ లేదు, మీటరు ధర చూస్తే ఆశ కూడా పుడుతుంది. కానీ బట్టల కోసం అమ్మే పాలియెస్టర్‌ని మిల్లులోనే వేడితో సెట్ చేసి, రంగు వేసి, ఫినిష్ చేసి పంపుతారు. కుంచించుకోవాల్సింది అక్కడే అయిపోయింది. మనకి కావలసింది మగ్గం మీంచి దిగినట్టే ఉన్న, వేడి చూపని, విమానాల కోసమే అమ్మే గుడ్డ. చదరపు గజానికి 1.7, 2.7, 3.4 ఔన్సుల రకాలు దొరుకుతాయి. మన లెక్కలో చదరపు మీటరుకి సుమారు 58, 92, 115 గ్రాములు. 58 గ్రాములది అల్ట్రాలైట్లనే అతి తేలిక విమానాలకి, రెక్క మీద ప్లైవుడ్ అతికిన చోట్లకి. ఇద్దరు కూర్చునే తేలికపాటి విమానాలకి ఎక్కువగా 92 గ్రాములది వాడతారు. ఎక్కువ వేగం, రాళ్ళు లేచే రన్‌వే, ప్రొపెల్లర్ గాలి నేరుగా కొట్టే చోట్లు ఉంటే 115. రెక్కల విస్తీర్ణం 11 చదరపు మీటర్లనుకుంటే పైనా కిందా కలిపి 22, మడతలకీ అంచులకీ ఇంకో రెండు. 24 చదరపు మీటర్లకి 92 గ్రాముల గుడ్డ అంతా కలిపి రెండుంపావు కిలోలు కూడా లేదు. బరువు పెరిగేది గుడ్డతో కాదు, దాని మీద పోసే కోటింగులతో. ఇది తర్వాత మళ్ళీ వస్తుంది.

పాత రోజుల్లో ఈ పని గ్రేడ్-ఎ కాటన్‌తో, దాన్ని బిగించే డోప్ అనే పూతతో జరిగేది. కొత్త కాటన్ అంగుళం వెడల్పు పట్టీ 80 పౌండ్లు ఓర్చుకోవాలి, వాడగా వాడగా 56 కి దిగితే తీసేయాలి అన్నది అప్పటి లెక్క. ఇప్పటికీ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మాన్యువల్‌లో బలం కొలిచేది ఆ అంకెలతోనే. బెంగుళూరులో హెచ్ఏఎల్ కట్టిన పుష్పక్, 1958లో మొదట ఎగిరినది, గుడ్డ కప్పిన రెక్కల విమానమే. ఫ్లయింగ్ క్లబ్బులకి అది బాగా తెలిసిన బండి. అంటే ఈ ఊరికి ఈ పని కొత్తేం కాదు. ఇక్కడి జక్కూరు ఎయిర్‌ఫీల్డులో కనిపించే మైక్రోలైట్లలో చాలావాటి రెక్కలు మాత్రం వేరే రకం. అవి కుట్టి తెచ్చిన డెక్రాన్ తెరచాప గుడ్డ సంచులు, ఫ్రేముకి తొడిగి లాగి కట్టేవి. వాటికి ఇస్త్రీ లేదు, కోటింగ్ లేదు. ఇక్కడ చెప్పేదేదీ వాటికి వర్తించదు.

పాలీ-ఫైబర్, డోప్‌తో సికొనైట్, నీటితో పల్చబడే స్టీవర్ట్ సిస్టమ్స్, ముందే రంగు వేసి వచ్చే ఒరాటెక్స్ అని పద్ధతులు చాలా ఉన్నాయి. ఏదైనా ఎంచుకోండి, కానీ ఒకదాని జిగురు మీద ఇంకోదాని కోటింగ్ వేయొద్దు. కింద చెప్పేది పాలీ-ఫైబర్ తరహా, ఎమ్‌ఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే సాల్వెంట్‌తో నడిచే పద్ధతికి.

ఎమ్‌ఈకే అన్నాను కాబట్టి కప్పేముందు చూడాల్సిన మొదటి సంగతి అదే. జిగురులో ఉన్న ఎమ్‌ఈకే కింద ఉన్న రంగుని కరిగిస్తుంది. చెక్క రిబ్బులకి (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పట్టీలకి) ఒకే డబ్బాలో వచ్చే మామూలు వార్నిష్ వేసి ఉంటే అది ఉబ్బి లేస్తుంది, దానితో పాటే జిగురూ లేస్తుంది. ఇనుప పైపుల మీద జింక్ క్రోమేట్ ప్రైమర్ ఉన్నా అంతే. గుడ్డ ఆనే ప్రతి చోటా రెండు భాగాలు కలిపే ఎపాక్సీ వార్నిష్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ ఉండాలి. తెలుసుకోవడం సులువు. తెల్ల గుడ్డపీలికని ఎమ్‌ఈకేలో తడిపి ఒక నిమిషం రుద్దండి. రంగు అంటిందా, గీకేసి మళ్ళీ వేయాల్సిందే.

రెక్క మూసేశాక మళ్ళీ లోపలికి చేయి పోదు. అందుకే ఈ దశలో ఎంత చాదస్తంగా ఉంటే అంత మంచిది. రెక్క లోపల ఐమూలగా లాగి కట్టిన డ్రాగ్ వైర్ల బిగువు చూసి, ప్రతి గది (ఫ్రేములో అడ్డ పట్టీల మధ్య ఖాళీ) రెండు కర్ణాలనీ ట్రామెల్ బార్ అనే పొడవాటి కొలకర్రతో కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడండి. నట్లకి సేఫ్టీ వైరు, పుల్లీల దగ్గర కేబుల్ గార్డులు, గాలి వేగం కొలిచే పిటో గొట్టం, లైట్ల వైర్లు, ట్యాంకు లీకు, ఒక్కోటీ టిక్కు పెట్టుకోండి. బెంగుళూరు షెడ్లలో కందిరీగలకి పిటో గొట్టం అంటే మహా ఇష్టం. వారం రోజులు మూతి తెరిచి పెడితే లోపల మట్టిగూడు సిద్ధం. చివరికి గొట్టంలోంచి గాలి ఊది చూశాక మూతికి టేపు వేసేయండి. ప్రతి గదినీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే ఐదేళ్ళ తర్వాత ఏ కేబుల్ ఎక్కడుందో వెతుక్కునే అవసరం ఉండదు. మీ పని చూసే ఇంజనీరు సంతకం కప్పకముందే పడాలి, కప్పాక ఆయన చూడగలిగేది రంగు మాత్రమే.

పొడుచుకొచ్చిన ప్రతి స్క్రూ తల మీద, రివెట్ మీద, అల్యూమినియం షీటు అంచు మీద యాంటీ-చేఫ్ టేప్ అంటించాలి. గుడ్డ బిగిశాక గాలికి సన్నగా కంపిస్తుంది, పదునైన అంచు దాన్ని రంపంలా కోస్తుంది. ఇంకోటి, రిబ్బుల మధ్య నేత టేపుని ఒక రిబ్బు పైనుంచి పక్క రిబ్బు కిందికి అడ్డంగా అల్లుకుంటూ పోవాలి. గుడ్డ ముడుచుకునేటప్పుడు సన్నటి రిబ్బులని పక్కకి లాగుతుంది, ఈ టేపు వాటిని నిలబెడుతుంది. ఇది మానేసిన రెక్కని దూరం నుంచే పోల్చొచ్చు, రిబ్బుల గీతలు పాములా మెలికలు తిరిగి ఉంటాయి.

ఇక కప్పడం. రెక్కని బోర్లించి స్టాండ్ల మీద పెట్టి, ముందు కింది వైపు. గుడ్డ పరిచి బట్టల క్లిప్పులతో పట్టి ఉంచండి. ముడతలు లేకుండా ఉండాలి తప్ప బిగించి లాగకూడదు. చేత్తో మీరు లాగే లాగుడు ఎప్పుడూ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. సమానంగా లాగే పని ఇస్త్రీపెట్టెది, దానికే వదిలేయండి. ముందు ఫ్రేము మీద జిగురు ఒక పూత పూసి ఆరనివ్వాలి. తర్వాత ఆ చోటే రెండో పూత తడిగా వేసి, వెంటనే గుడ్డ ఆనించి, వేలితో నొక్కుతూ జిగురు పోగుల సందుల్లోంచి పైకి ఊరేలా రుద్దాలి. గుడ్డ ఒకే రంగులో తడిసినట్టు కనబడితే అతికినట్టు. తెల్ల మచ్చలుంటే అక్కడ గాలి ఉన్నట్టే, బ్రష్‌తో ఎమ్‌ఈకే చుక్క వేసి మళ్ళీ నొక్కండి. మార్చి ఎండల్లో ఈ జిగురు కళ్ళముందే గట్టిపడుతుంది, జానెడు కంటే ఎక్కువ ఒక్కసారి పూయొద్దు.

ఫ్రేముకి కనీసం అంగుళం మేర అతకాలి. కింది గుడ్డని లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) చుట్టి పైకి తేవాలి, పై గుడ్డ దాని మీద కనీసం రెండంగుళాలు ఎక్కాలి. ఎదురుగాలి మొదట తగిలేది అక్కడే, అక్కడ అతుకు లేస్తే గుడ్డ సంచిలా ఊడుతుంది. రెక్క చివర గుండ్రంగా తిరిగే చోట దర్జీలా కత్తిరించి మడతలు వేయాలనిపిస్తుంది. అవసరం లేదు. 121 డిగ్రీల చిన్న ఐరన్‌తో అంచుని కొద్దికొద్దిగా ముడుచుకునేలా చేస్తే గుడ్డ వంపుకి తనంతట తనే కూర్చుంటుంది. ఊరిన జిగురు గట్లు కట్టకుండా అప్పుడే తుడిచేయండి, ఇప్పుడు వేలికి తగలనివి చివర్లో కొట్టే సిల్వర్ కోటు పడ్డాక నరాల్లా తేలతాయి. పెన్నుతో, మార్కర్‌తో గుడ్డ మీద ఎక్కడా గీయొద్దు. ఆ సిరా ఎన్ని పూతలు వేసినా పైకి ఊరుతుంది. పెన్సిలే వాడాలి.

రెక్క కింది భాగం లోపలికి వంగి ఉండే డిజైన్లలో ఒక చిక్కుంది. అలాగే బిగిస్తే గుడ్డ రిబ్బుని వదిలేసి అంచు నుంచి అంచుకి తిన్నగా సాగి నిలబడుతుంది. అలాంటి వాటికి గుడ్డని రిబ్బుకి ముందే పట్టించాకే చివరి బిగింపు.

జిగురు ఒక రాత్రంతా ఆరాక ఇస్త్రీ. మొదట 121 లో రెండు వైపులా మొత్తం, తర్వాత 149 లో మొత్తం, చివర 177 లో మొత్తం. ఒక గదిని పూర్తిగా బిగించి పక్క గదికి వెళ్ళడం తప్పు, బిగిసిన గది పక్క రిబ్బుని తన వైపు లాగేస్తుంది. పైన ఒక గది, దానికి సరిగ్గా కింద ఒక గది అలా మార్చుకుంటూ పోతే మేలు. పెట్టె బరువు చాలు, నొక్కొద్దు, ఆపొద్దు, నెమ్మదిగా జరుపుతూ ఉండండి. అతుకుల మీదికి మాత్రం 121 దాటిన పెట్టెని పోనివ్వొద్దు. ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది, బిగిసే గుడ్డ దాన్ని జారుస్తుంది. మీ విమానం కిట్‌తో వచ్చిన మాన్యువల్ తక్కువ దగ్గరే ఆగమంటే అక్కడే ఆగండి. సన్నటి ట్రెయిలింగ్ ఎడ్జ్ (వెనకంచు) ఉన్న ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క వెనక పలకలు, పూర్తి బిగువుకి రంపపు పళ్ళలా లోపలికి వంగిపోవడం మామూలే.

ఇస్త్రీ మొదలుపెట్టే ముందు రెక్క మొదట్లో, చివర్లో డిజిటల్ లెవెల్ పెట్టి కోణాలు రాసుకోండి. ప్రతి దశ తర్వాతా మళ్ళీ చూడండి. గుడ్డ లేని ఫ్రేము చేత్తో తిప్పితే మెలిపడుతుంది, రెండు వైపులా గుడ్డ బిగిశాక పెట్టెలా గట్టిపడుతుంది. స్టాండ్ మీద వంకరగా ఉన్న రెక్కని అలాగే బిగిస్తే ఆ వంకర అందులోనే ఉండిపోతుంది, గాల్లోకి వెళ్ళాక విమానం ఒక పక్కకి ఒరుగుతూ ఉంటుంది.

తర్వాత పాలీ-బ్రష్ లాంటి మొదటి కోటు, మూడు వంతులకి ఒక వంతు రెడ్యూసర్ (పల్చన చేసే ద్రవం) కలిపి, బ్రష్‌తోనే. స్ప్రే చేస్తే అది గుడ్డ మీద కూర్చుంటుంది, పోగులోకి ఇంకదు, కొన్నేళ్ళకి పొరలా లేస్తుంది. అలాగని బ్రష్ ముంచి కారేలా పూస్తే లోపలికి బొట్లు పడి అవతలి గుడ్డ మీద గడ్డకడతాయి.

ఇప్పుడు కుట్టు, అంటే రిబ్ లేసింగ్. గుడ్డని రెక్కకి పట్టి ఉంచేది అంచుల జిగురే అనుకుంటే పొరపాటు. ఎగిరేటప్పుడు పై గుడ్డని గాలి పైకి పీలుస్తుంది, దాన్ని రిబ్బుకి ఆనించి ఉంచేది ఈ కుట్లే. చిన్న లెక్క వేద్దాం. రిబ్బుల మధ్య 12 అంగుళాలు, కుట్ల మధ్య రెండున్నర అంగుళాలు. ఒక్కో కుట్టు వాటా 30 చదరపు అంగుళాలు. రెక్క చదరపు అడుగుకి 10 పౌండ్లు మోస్తుంటే, ఆ భారమంతా పై గుడ్డ మీదే అనుకున్నా, కుట్టుకి రెండు పౌండ్ల పైచిలుకు, అంటే కిలో లోపే. భారం 3.8 రెట్లయ్యే (3.8 జీ) మలుపులో మూడున్నర కిలోలు దాటుతుంది. లీడింగ్ ఎడ్జ్‌కి దగ్గర పీల్చుడు సగటు కంటే చాలా ఎక్కువ కాబట్టి అక్కడి కుట్టుకి దీనికి రెండు మూడింతలు. దారం ఇది ఓర్చుకుంటుంది. ఓర్చుకోనిది గుడ్డ. దారం గుడ్డని నేరుగా కోయకుండా రిబ్బు పొడవునా, దాని వెడల్పుకి సరిపోయే రీఇన్‌ఫోర్సింగ్ టేప్ అంటించి, దాని మీంచి కుట్టాలి.

దూరం ఎంత అన్నది మీ డిజైన్ ప్లాన్‌లో ఉంటే అదే పాటించండి. లేకపోతే ఎఫ్ఏఏ మాన్యువల్‌లో గరిష్ఠ వేగానికి తగ్గ చార్టు ఉంది, ప్రొపెల్లర్ గాలి తగిలే భాగానికి దగ్గరి కుట్లు, మిగతాదానికి దూరం కుట్లు. తేలికపాటి విమానాల్లో ఎక్కువగా రెండున్నర నుంచి మూడున్నర అంగుళాలు వస్తుంది. ప్రొపెల్లర్ గాలి అంటే ప్రొపెల్లర్ వ్యాసం ఎంతో అంత, దాని మీద ఇంకో రిబ్బు. ఆ అదనపు రిబ్బుని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

12 నుంచి 18 అంగుళాల పొడవు సూది, మైనం పట్టించిన పాలియెస్టర్ దారం. సూది రిబ్బుకి ఒక పక్కగా పైనుంచి దిగి కిందికి వస్తుంది, టేపు మీంచి దాటి రెండో పక్కగా పైకి వస్తుంది. ఒకరు పైన, ఒకరు కింద ఉంటే పని సాఫీగా సాగుతుంది. కింద ఉన్నవాళ్ళ చేతికి చిన్న టార్చి ఇవ్వండి. సూది గుడ్డకి దగ్గరయ్యేటప్పుడు నీడ కనిపిస్తుంది, పెన్సిల్ చుక్క మీదికి వేలితో తోయొచ్చు. మొదటి కుట్టుకి రెట్టింపు చుట్టు, చదరపు ముడి. తర్వాతవన్నీ సీన్ నాట్. పైకి వచ్చిన దారాన్ని వెనక కుట్టు నుంచి వస్తున్న దారం కిందుగా లాగి, కుట్టు చుట్టూ తిప్పి, ఏర్పడిన మెలికలోంచి దూర్చి బిగించడం దాని తీరు. ఇది చదివితే చేతికి రాదు, మాన్యువల్‌లో బొమ్మ ముందు పెట్టుకుని కుర్చీ చేతికి ఓ ఇరవై ముళ్ళు వేయండి, ఇరవై ఒకటోది రెక్కకి పనికొస్తుంది. ముడి రిబ్బు నెత్తి మీద కాకుండా అంచు పక్కకి దిగి కూర్చోవాలి, లేకపోతే టేపు కింద బఠాణీ గింజలా తేలుతుంది.

నాలుగున్నర అడుగుల రిబ్బుకి ఇరవై పైచిలుకు కుట్లు, ఆరంగుళాల మందం ఉన్న రెక్క అయితే ఒక్కో కుట్టుకి పదహారు పదిహేడు అంగుళాల దారం. మొత్తం 30 అడుగులు. అంత పొడవు ఒక్కసారి లాగితే చిక్కుపడుతుంది, గుడ్డ కన్నాల్లో రాపిడికి మైనమూ పోతుంది. సగం సగం తీసుకుని మధ్యలో అతకండి, కానీ అతుకు చదరపు ముడి కాకూడదు, స్ప్లైస్ నాట్ వేయాలి. చదరపు ముడి మైనం దారంలో జారుతుంది. బిగువు అన్ని కుట్లకీ ఒకేలా ఉండాలి. పళ్ళు బిగబట్టి లాగితే చెక్క రిబ్బు అంచు నలుగుతుంది.

కుట్లనీ అంచులనీ కప్పే పై టేపులు ప్రతి రిబ్బుకీ రెండంగుళాలవి, లీడింగ్ ఎడ్జ్‌కి నాలుగు, ట్రెయిలింగ్ ఎడ్జ్‌కి మూడు. వంపులకి ఐమూలగా కత్తిరించిన టేపు. తడి కోటు, టేపు, మళ్ళీ కోటు, వేలితో బుడగలు బయటికి. రంపపు పళ్ళలా కత్తిరించి ఉండే టేపు అంచులు లేస్తే ఆరాక 121 పెట్టెతో నొక్కితే కూర్చుంటాయి.

నీళ్ళు పోయే గ్రామెట్లు (కన్నం చుట్టూ అంటించే చిన్న రింగులు) రెక్క కింద, ట్రెయిలింగ్ ఎడ్జ్ దగ్గర, ప్రతి గదిలో అన్నిటికంటే పల్లపు చోట. విమానం నేల మీద నిలబడ్డప్పుడు ఏది పల్లమో అదే లెక్క, స్టాండ్ మీద ఉన్నప్పుడు కాదు. తోక చక్రం మీద ఆని నిలబడే టెయిల్‌డ్రాగర్‌కి ఈ రెండూ ఒకటి కావు. కన్నం బ్లేడుతో కోస్తే పోగులు లేస్తాయి, సోల్డరింగ్ ఐరన్ మొనతో కరిగించండి. లోపలికి చూసే కన్నాల కోసం ఇన్‌స్పెక్షన్ రింగులు అన్నీ ఇప్పుడే అంటించండి, వాటి మధ్య గుడ్డ కోయడం మాత్రం అవసరమైనప్పుడే.

చివరి దశ స్ప్రే, ఇక్కడ మన ఊళ్ళ వాతావరణం రంగంలోకి దిగుతుంది. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు గుడ్డ చల్లబడుతుంది. గాల్లో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి తలం మీద నీరు పేరుకుని కోటు పాలిపోయి తెల్లగా, సున్నం కొట్టినట్టు అవుతుంది. దీన్నే బ్లషింగ్ అంటారు. చూడ్డానికే కాదు, ఆ పూత బలంగానూ ఉండదు. తేమ 60 శాతం లోపు ఉంటే ధైర్యంగా కొట్టొచ్చు, 75 దాటితే గన్ పక్కన పెట్టేయండి. బెంగుళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మధ్యాహ్నాలు దీనికి పెట్టింది పేరు. ఆ తర్వాత సాయంత్రాల్లో మామిడి జల్లులు మొదలైతే తేమ గంటలో తలకిందులవుతుంది, పొద్దున రీడింగుని నమ్ముకుని సాయంత్రం కొట్టొద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా కుట్లూ టేపులూ చేసుకోండి, స్ప్రే వద్దు. చెన్నైలో లెక్క ఇంకోలా ఉంటుంది. ఎండాకాలంలో పడమటి పొడిగాలి వీచే పొద్దుటి వేళ, సముద్రపు గాలి తిరగకముందే ముగించాలి. అక్కడి వేడికి మామూలు రెడ్యూసర్ గన్ మూతి దగ్గరే ఆరిపోయి గుడ్డ మీద పొడిలా రాలుతుంది కాబట్టి నెమ్మదిగా ఆరే రకం వాడాలి. బ్లష్ వచ్చిన చోట కంగారుపడి ఇసుక కాగితం పట్టకండి. పొడి రోజు చూసి ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిపిన రెడ్యూసర్ పల్చగా చిమ్మితే పై పొర మళ్ళీ కరిగి, చిక్కుకున్న తేమ వదిలేస్తుంది, తెలుపు పోతుంది.

సిల్వర్ కోటులో ఉన్నది అల్యూమినియం పొడి, అందం కోసం కాదు. పాలియెస్టర్‌ని చంపేది వానా వేడీ కావు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న బెంగుళూరులో అవి బాగానే ఉంటాయి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కలిపితే ఒక క్రాస్ కోటు, అలాంటివి మూడు. ఆరాక షెడ్డు చీకటి చేసి, ఇన్‌స్పెక్షన్ కన్నంలోంచి లోపల ఎల్ఈడీ టార్చి పెట్టి చూడండి. సూదిమొనంత వెలుగు కూడా కనబడకూడదు. పూర్తిగా ఆరాకే అన్నది గట్టి మాట. ఎమ్‌ఈకే ఆవిరి గాలి కంటే బరువు, మూసిన రెక్కలో అడుగున నిలిచి ఉంటుంది, అందులో వేడి బల్బు పెట్టడం అంటే అగ్గిపెట్టె గీయడమే.

మూడు పూతల తర్వాత కూడా నేత కనిపిస్తోందని నాలుగు, ఐదు కొట్టేవాళ్ళున్నారు. ఇందాక అన్న బరువు ఇక్కడే ఎక్కుతుంది, రెక్క అద్దంలా మెరుస్తుంది గానీ మోసే సామాను తగ్గుతుంది. గుడ్డ రెక్క గుడ్డలా కనిపించడంలో తప్పేమీ లేదు. పూతల మధ్య 320 నంబరు కాగితంతో నీళ్ళు పెట్టి రుద్దొచ్చు, కానీ ముడుల మీద, రిబ్బు అంచుల మీద వద్దు. రెండు రుద్దులకే పోగు తెగుతుంది, తెగిన చోట ప్యాచ్ వేయాలి. పై రంగుకి జేసీ రోడ్డులో దొరికే కారు పెయింటు చవక, మెరుపూ ఎక్కువ. కానీ అది గట్టి రేకు కోసం చేసినది, గుడ్డతో పాటు వంగలేదు. ఏడాది రెండేళ్ళలో సాలెగూడులా పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోంచి ఎండ గుడ్డని చేరుతుంది. పాలీయురేథేన్ రకం ఏదైనా కొడితే అందులో ఐసోసయనేట్ ఉంటుంది, దానికి మామూలు కార్ట్రిడ్జ్ మాస్కు చాలదు, బయటి గాలి గొట్టంతో అందించే మాస్కు కావాలి. ఎమ్‌ఈకేకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ సరిపోతుంది. తడిపిన పీలికలు మూత ఉన్న ఇనుప డబ్బాలోకే వెళ్ళాలి.

ఐలరాన్లకి రంగు ఆరగానే మళ్ళీ బ్యాలెన్స్ చూడాలి. కప్పక ముందు సరిగ్గా ఉన్నది ఇప్పుడు ఉండదు, ఎందుకంటే గుడ్డా టేపులూ రంగూ బరువంతా హింజి వెనకే ఎక్కువ పడుతుంది. వెనక బరువైన ఐలరాన్ వేగంలో ఫ్లటర్‌కి, అంటే ఆగకుండా పెరిగే అదురుకి దిగుతుంది. హింజి పాయింట్ల దగ్గర కత్తి అంచుల మీద ఆనించి, డిజైనర్ చెప్పిన హద్దు దాటి వెనక్కి వాలితే హింజికి ముందు వైపు సీసం కలపండి, లేదా రంగు గీకండి. రెక్కలు రెండింటినీ విడివిడిగా తూచి కప్పక ముందు బరువు పక్కన రాసుకోండి. అడుగున్నర చదరపు చెక్క ఫ్రేముకి ఇదే గుడ్డ, ఇవే పూతలు, అదే రోజుల్లో వేసి షెడ్డు బయట ఎండలో వేలాడదీస్తే, గుడ్డ బలం పరీక్షించాల్సిన రోజు వచ్చినప్పుడు రెక్కని కోయకముందు దాన్ని కోసి చూడొచ్చు.